వాన వెలిసిన నాలుగో రోజున సీలింగ్‌కి చెమ్మ ఎందుకు? విశాఖ నేలలో, గోడల్లో, బోర్లలో నీటి నడక

తుఫాను వాన రెండు రోజులు కురుస్తుంది, సీలింగ్ పొడిగానే ఉంటుంది. ఎండ కాసిన నాలుగో రోజున మాత్రం ఫ్యాను పక్కన అరచేతంత మరక తేలుతుంది. పై ఫ్లాట్ వాళ్ల బాత్రూమ్ లీకేజీ అని ఒకరు, ట్యాంకు పొంగిపొర్లిందని ఇంకొకరు, వాన ఎప్పుడో ఆగిపోయింది కదా దీనికీ దానికీ సంబంధమేంటని మరొకరు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వాదన మొదలవుతుంది.

బీచ్‌కి దగ్గర్లో టెన్షన్ వేరు. సంక్రాంతి దాకా మంచినీళ్లిచ్చిన బోరు మే నెలకి ఉప్పెక్కుతుంది, రెండు వీధుల అవతల బోరు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఇంకుడు గుంతల మీద ఇంకో ఫిర్యాదు: తవ్విన ఏడాది ఎంత వాన పడినా గటగటా తాగేసిన గుంత, మూడో ఏడాదికి నీళ్లని పైనే నిలబెట్టేస్తోంది.

ఈ మూడూ వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి కానీ మూడింట్లోనూ జరిగేది ఒకటే: సన్న సన్న సందులున్న పదార్థం గుండా నీరు మెల్లగా దారి వెతుక్కుంటూ పోవడం. ఆ నడక ఎలా సాగుతుందో తెలిస్తే ఈ గొడవల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

క్లుప్తంగా

ఒక పదార్థం నీటిని ఎంత త్వరగా వదులుతుందనేది అందులో ఎంత ఖాళీ ఉందనే దాని మీద కాదు, ఆ ఖాళీలు ఎంత వెడల్పు, ఒకదానితో ఒకటి కలిశాయా లేదా అనే దాని మీద ఆధారపడి ఉంటుంది. సందు కొంచెం సన్నబడినా ప్రవాహం చాలా పడిపోతుంది. కాంక్రీటులో నీళ్లు ఎక్కువ కలిపితే సందులు కలిసిపోయి చెమ్మ దిగుతుంది. ఇంకుడు గుంత పాడయ్యేది సాధారణంగా అడుగున కాదు, పై రెండు మూడు అంగుళాల్లో. తీరంలో బోరు నీటిమట్టం ఒక మీటరు తగ్గితే, కింద ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి రాగలదు. వచ్చినంత తొందరగా అది తిరిగి పోదు.

ఖాళీ ఎక్కువున్నా నీరు ఎందుకు కదలదు

బంకమట్టి ముద్దలో దాదాపు సగం ఖాళీయే. 40 నుంచి 60 శాతం వరకూ ఉంటుంది. ఇసుకలో అంతకన్నా తక్కువ, సాధారణంగా 25 నుంచి 50 శాతం. ఈ లెక్క ప్రకారం బంకమట్టి గుండానే నీరు బాగా దిగాలి, కానీ చెరువుగట్టుకి బంకమట్టి వేస్తారే తప్ప ఇసుక వెయ్యరు. ఎందుకంటే బంకమట్టిలో ఖాళీలు లెక్కకి ఎక్కువైనా ఒక్కొక్కటీ కంటికి ఆననంత సన్నం, పైగా రేకుల్లాంటి మట్టి కణాలు నీటిని ఒంటికి అంటించుకుని పట్టుకుంటాయి.

సన్నదనం చేసే నష్టం మామూలుగా ఊహించే దానికన్నా చాలా ఎక్కువ. ఒక సన్న గొట్టం వ్యాసం సగానికి తగ్గిస్తే, మిగతావన్నీ అలాగే ఉన్నా, అందులోంచి వచ్చే నీరు సగం కాదు, పదహారో వంతు అవుతుంది. నీరు గోడని ఆనుకున్నచోట కదలదు, మధ్యలోనే వేగంగా పోతుంది, గొట్టం సన్నబడేకొద్దీ ఆ 'మధ్య' అనేదే కరిగిపోతుంది. ఇసుక విషయంలో అమెరికా ఇంజనీరు అలెన్ హేజెన్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుతున్నారు: గింజ సైజు రెట్టింపైతే నీరు దిగే వేగం నాలుగు రెట్లవుతుంది. అయితే ఆయన సగటు గింజని లెక్కలోకి తీసుకోలేదు, బరువులో అత్యంత సన్నటి పది శాతం ఎక్కడ తెగుతుందో ఆ సైజుని తీసుకున్నాడు. కారణం సులువే. ముతక గింజల మధ్య సందుల్ని పూడ్చేసేది ఆ కాస్త సన్నపొడే. లోడు ఇసుకలో గుప్పెడు మట్టి కలిసినా ఎంత తేడా వస్తుందో మేస్త్రీలకి ఈ సూత్రం పేరు తెలియకుండానే తెలుసు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్ని చూస్తే ఇది పెద్ద ఎత్తున కనిపిస్తుంది. అది పేరుకే మట్టి, నిజానికి ఎక్కువ భాగం ఇసుకే. గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న ఇసుకలోకి వాననీరు వేల ఏళ్లు దిగుతూ, ఇనుము ఉన్న ఖనిజాల్ని కొద్దికొద్దిగా కరిగిస్తూ, గింజల చుట్టూ ఐరన్ ఆక్సైడ్ పూతలా పెట్టుకుంటూ పోయింది. ఆ ఎరుపు అదే. ఆ పూతా, దాంతోపాటు చేరిన సన్నటి బంకా సందుల్ని ఇరుకు చేసి గింజల్ని కొంత పట్టి ఉంచాయి. అందుకే భారీ వాన పడినప్పుడు అంత ఇసుక కూడా నీళ్లన్నిటినీ తాగలేదు, మిగిలింది పైనుంచి పారి లోతైన వాగుల్లా కోసేసింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అక్కడ ఒక గుట్ట చదును చేస్తే పోయేది మట్టి మాత్రమే కాదు, నీరు వేల ఏళ్లు నెమ్మదిగా దిగి చేసిన పని కూడా. మళ్లీ తెచ్చి పోయడానికి అది కుదరదు.

డార్సీ లెక్క, సింహాచలం ధారలు

నీరు ఇసుకలోంచి ఎంత వేగంగా పోతుందో మొదట కొలిచి చూపించింది హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు. దిజాన్ పట్టణానికి నీటి సరఫరా ఏర్పాట్లు చేసినాయన. నిలువు గొట్టాల్లో ఇసుక నింపి, పైనుంచి నీళ్లు పంపి, 1856లో ఆ ఫలితాలు అచ్చు వేయించాడు. తేలింది ఇది: ఇసుక పొరకి పైనా కిందా నీటిమట్టంలో తేడా ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ, పొర మందం ఎంత పెరిగితే అంత తక్కువ, మిగిలిందంతా ఆ పదార్థం స్వభావం. భూగర్భ జలాల లెక్కలన్నీ ఇప్పటికీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. మామూలు ఇసుక పొర, నిటారుగా వాలు ఉంటే, అంటే ప్రతి మీటరుకి నీటిమట్టం ఒక మీటరు పడితే, రోజుకి 10 మీటర్ల చొప్పున నీటిని వదిలేది అనుకుందాం. నేల లోపల నీటిమట్టం వాలు ప్రతి 100 మీటర్లకి ఒక మీటరు. పొరలో ఖాళీ 30 శాతం. వాలు వందో వంతు కాబట్టి 10 మీటర్లు కాస్తా 10 సెంటీమీటర్లవుతుంది, ఆ నీరంతా 30 శాతం ఖాళీలోంచే పోవాలి కాబట్టి రోజుకి 33 సెంటీమీటర్లు నడుస్తుంది. 100 మీటర్లు దాటడానికి పది నెలలు. అంటే సందు చివరి ఇంటి దగ్గర ఇంకిన వాన, సందు మొదట్లో ఉన్న బావికి చేరేసరికి దాదాపు ఏడాది తిరిగొస్తుంది. అదే గట్టి బంకమట్టి అయితే, వాలు నిటారుగా ఉన్నా ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు కదిలితే ఎక్కువ, ఒక్క మీటరు దాటడానికి పదిహేనేళ్ల పైమాటే.

ఈ నెమ్మదితనమే కొన్నిచోట్ల వరం. సింహాచలం కొండకి ఒకవైపు గంగధార, ఇంకోవైపు మాధవధార, వానలు వెనకబడ్డాక కూడా పారుతూ ఉంటాయి. కొండ లోపల ఎక్కడో పెద్ద చెరువు దాగి ఉందని చెప్పుకోవడం ఉంది కానీ దానికి చెరువు అక్కర్లేదు. ఇక్కడి కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి, తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే దానికా పేరు. ఆ రాయి వాతావరణానికి నాని పైపొరల్లో గుల్లబారుతుంది, మట్టిగా మారుతుంది. వానాకాలంలో ఆ గుల్లపొర తాగిన నీరు, కింద గట్టిరాతి మీద ఆగి, పగుళ్ల వెంట ఒక్కో సందూ దాటుకుంటూ దిగువకి చేరేసరికి నెలలు పడుతుంది. పైన చెట్లూ మట్టీ ఉన్నంతకాలం ఆ సాగదీత ఉంటుంది, కొండవాలు మీద కాంక్రీటు పరిచేస్తే అదే వాన గంటల్లో గెడ్డల్లోకి (వాగుల్లోకి), గెడ్డల్లోంచి సముద్రంలోకి పోతుంది. నగరంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన పడుతున్నా వేసవిలో ట్యాంకర్ల వెంట పడాల్సి రావడానికి ఇదొక పెద్ద కారణం.

అన్నట్టు వేడి సంగతి. నీరు వేడెక్కేకొద్దీ పలచబడుతుంది, 20 డిగ్రీల దగ్గరతో పోలిస్తే 90 డిగ్రీల దగ్గర దాని జిగట మూడో వంతుకి పడిపోతుంది. కాఫీ ఫిల్టర్‌లో మరిగిన నీళ్లు పోస్తే డికాక్షన్ దిగి, గోరువెచ్చగా పోస్తే పైనే కూర్చోవడానికి ఒక కారణం ఇదే. అరకు కాఫీ అయినా ఇంకేదైనా, పొడి మరీ మెత్తగా పట్టిస్తే ఆ సన్నపొడి అడుగు చిల్లుల్ని మూసేస్తుంది, హేజెన్ చెప్పిన పది శాతం కథే.

దారి కలిసిందా లేదా

ఇప్పటిదాకా చెప్పింది సందులన్నీ కలిసే ఉన్నాయనుకుని. అసలు చిక్కు అవి కలవకపోతే వస్తుంది.

విశాఖలో ఎంవీపీ కాలనీలాంటి చోట గళ్లుగళ్లుగా వీధులున్నాయి అనుకోండి. కళ్లకి గంతలు కట్టుకుని, ఏదో ఒక వీధి ముక్కకి అడ్డంగా బారికేడ్ పెట్టుకుంటూ పోతే, ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లే దారి ఎప్పుడు పూర్తిగా మూసుకుపోతుంది? మొదట్లో ఏమీ కాదు, చుట్టూ తిరిగి వెళ్లిపోవచ్చు. పది శాతం మూసినా, ముప్ఫై మూసినా దారి దొరుకుతూనే ఉంటుంది, కాకపోతే మెలికలు తిరుగుతుంది. సగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కసారిగా తెగిపోతుంది. కాలనీ చాలా పెద్దదైతే ఆ తెగడం సరిగ్గా సగం దగ్గరే జరుగుతుందని హ్యారీ కెస్టెన్ అనే గణితజ్ఞుడు 1980లో గణితంగా నిరూపించాడు.

ఈ ఆలోచన పుట్టింది 1957లో, బ్రాడ్‌బెంట్, హామర్స్‌లీ అనే ఇద్దరు బ్రిటిష్ గణితజ్ఞుల చేతుల్లో. బొగ్గు గని కార్మికుల గ్యాస్ మాస్కుల్లో ఉండే కార్బన్ గుళికల్లోకి గాలి ఎంత లోపలికి వెళ్తుందన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. గుళికలో సందులు తక్కువైతే గ్యాస్ పైపైనే ఆగిపోతుంది, లోపలి కార్బన్ దండగ. ఒక హద్దు దాటితే లోపలంతా అందుబాటులోకి వస్తుంది. ఆ హద్దుకి ఇటూ అటూ పదార్థం ప్రవర్తన పూర్తిగా మారిపోతుందనేదే వాళ్లు కనిపెట్టిన ముఖ్య విషయం.

వీధుల ఉదాహరణ చదునైన కాగితం మీద. మట్టీ రాయీ కాంక్రీటూ మూడు కొలతల్లో ఉంటాయి, అడ్డం వస్తే పైనుంచో కిందినుంచో తప్పించుకోవచ్చు. అందుకే అలాంటి గళ్లలో దాదాపు నాలుగింట మూడు దారులు మూసేసినా నీరు ఇంకా దూరిపోగలదు. నీరు ఎక్కడినుంచైనా వచ్చేస్తుందని పెద్దలు అనే మాట లెక్కకి కూడా నిలబడుతుంది.

బోర్ల అదృష్టం కూడా ఇక్కడే ఉంది. గట్టి ఖొండలైట్‌లో నీరు ఉండేది రాయిలో కాదు, పగుళ్లలో. ఒక పగులు వంద ఇతర పగుళ్లతో కలిసి ఉంటే అది తగిలిన బోరుకి ఏళ్ల తరబడి నీళ్లు, ఒంటరి పగులు తగిలితే మొదటి వారం జోరుగా పోసి ఆగిపోతుంది, ఏదీ తగలకపోతే ఎన్ని అడుగులు దించినా దుమ్మే. పక్కపక్క సైట్లలో ఒకరికి పడి ఇంకొకరికి పడకపోవడం అందుకే. కొబ్బరికాయ అరచేతిలో నిలబడిందా లేదా అనే దానికి ఈ పగుళ్ల కలయికతో ఏ సంబంధమూ లేదు. దానికిచ్చే డబ్బు జియాలజిస్టు సర్వేకి పెట్టడం మేలు, అది కూడా గ్యారంటీ కాదు కానీ రాయి గురించి ఏదో ఒకటి చెబుతుంది.

సీలింగ్ మీద మరక

కాంక్రీటు కూడా సందులున్న రాయే, మనం పోసిన రాయి. సిమెంటు గట్టిపడటానికి కొంత నీరు చాలు, కలపడానికి, పరచడానికి వీలుగా ఉండాలని అంతకన్నా ఎక్కువ పోస్తారు. ఆ ఎక్కువ నీరు తర్వాత ఆవిరై పోయి, తను ఉన్నచోట సన్నటి గొట్టాల్లాంటి ఖాళీలు వదిలిపెడుతుంది. క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటుని కొన్నాళ్లు తడిగా ఉంచడం, బాగా జరిగితే సిమెంటు లోపల ఇంకా పెరుగుతూ ఆ గొట్టాల్ని మధ్యమధ్యలో తెంపుతుంది. తెగితే నీరు దాటలేదు, తెగకపోతే స్లాబు జల్లెడే.

ఎంత నీటికి ఎంత కాలంలో తెగుతాయో అమెరికా పరిశోధకుడు పవర్స్ బృందం 1959లో లెక్కగట్టింది. సిమెంటు బరువులో నీరు 0.40 వంతు ఉంటే మూడు రోజులు తడిగా ఉంచితే చాలు. 0.45కి వారం, 0.50కి రెండు వారాలు. 0.60 అయితే ఆరు నెలలు. 0.70 అయితే ఏడాది. అది దాటితే ఎన్నాళ్లు నీళ్లు కొట్టినా ఆ గొట్టాలు తెగవు. అంకెలు మెల్లగా పెరిగి, హద్దు దగ్గరికొచ్చేసరికి ఒక్కసారి ఎగిరిపోవడం గమనించండి, ఎంవీపీ వీధుల్లో చూసిన తెగడమే ఇది కూడా. కంప్యూటర్ నమూనాల్లో ఈ గొట్టాల ఖాళీ దాదాపు 18 శాతానికి తగ్గినప్పుడు దారి తెగుతుందని తేలింది.

సైటు భాషలో చెప్పాలంటే 50 కిలోల బస్తాకి 25 లీటర్లు పోస్తే 0.50. 'మాల్ కదలట్లేదు' అని ఇంకో బకెట్ పోస్తే 35 లీటర్లు, అంటే 0.70. సముద్రతీర వాతావరణంలో ఉండే ఆర్‌సీసీకి (ఇనుప చువ్వలున్న కాంక్రీటుకి) భారత ప్రమాణం ఐఎస్ 456 ఇచ్చిన గరిష్ఠ హద్దు 0.45, బస్తాకి ఇరవై రెండున్నర లీటర్లు, ఇసుకలో అప్పటికే ఉన్న తడితో కలిపి. విశాఖలో కట్టే ప్రతి ఇంటికీ ఈ ఒక్క అంకె గోడ మీద రాసి పెట్టుకోదగ్గది, ఎందుకంటే ఇక్కడ నీటితోపాటు ఉప్పు కూడా లోపలికి పోతుంది, ఉప్పు చువ్వని తినేస్తుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటుని పెచ్చులుగా ఊడగొడుతుంది, ఆ పెచ్చు ఊడినచోట నుంచి ఇంకా నీరు పోతుంది.

ఇక నాలుగు రోజుల ఆలస్యం. సన్న సందులు నీటిని వాటంతటవే పీల్చుకుంటాయి, దీపం వత్తి నూనెని లాగినట్టు. కానీ లోపలికి వెళ్లేకొద్దీ వెనకున్న తడి దారంతా లాక్కోవాలి కాబట్టి వేగం తగ్గిపోతుంది. దీన్ని అమెరికా శాస్త్రవేత్త వాష్‌బర్న్ 1921లో సూత్రంగా రాశాడు: దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు. మొదటి సెంటీమీటరు తడవడానికి గంట పట్టిందనుకుంటే, పది సెంటీమీటర్ల స్లాబు మొత్తం దాటడానికి వంద గంటలు, అంటే నాలుగు రోజుల పైన. మరి ఎండ కాస్తోంది కదా నీరెక్కడిది అంటే, డాబా మీద టైల్స్ కింద పోసిన ఇటుక ముక్కల పొర స్పాంజిలా పట్టుకుని ఉంటుంది, పైన పొడిగా కనిపిస్తున్నా.

ఇక్కడ ఒక గుర్తు ఉపయోగపడుతుంది. సందుల పీల్పుతో వచ్చిన నీరు మరకగా, చెమ్మగా, తెల్లగా ఉప్పు పొంగినట్టుగా కనిపిస్తుంది కానీ చుక్కలుగా పడదు, ఎందుకంటే లోపలికి లాగిన శక్తే దాన్ని బయటకి వదలకుండా పట్టుకుంటుంది. చుక్క పడుతోందంటే ఎక్కడో పగులుంది, లేదా పైపు ఉంది. పగులు లెక్క కూడా కఠినమే: వెడల్పు రెట్టింపైతే నీరు ఎనిమిది రెట్లు. కాబట్టి చుక్కలు పడే ఇంట్లో డాబా మొత్తానికి కెమికల్ కోటింగ్ వేయించే ముందు ఆ ఒక్క పగులు వెతకడం తెలివైన పని. అది మరకకి సరిగ్గా పైనే ఉంటుందని లేదు, నీరు స్లాబులో వాలున్న వైపు పోయి ఎక్కడో దిగుతుంది. పై ఫ్లాట్ వాళ్లని నిందించే ముందు ఇది గుర్తుంటే మంచిది.

గోడల అడుగున పట్టే చెమ్మ కూడా ఈ పీల్పే, కాకపోతే పైకి. పదో వంతు మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న సందులో నీరు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది, వందో వంతు అయితే మీటరున్నర. మళ్లీ మళ్లీ రంగు వేసినా ఆగనిది అందుకే, దారి పునాది దగ్గర తెగాలి.

ఇంకుడు గుంత ఎందుకు అలిసిపోతుంది

గుంతలో అడుగున పెద్ద రాళ్లు, మీద 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, అన్నిటికన్నా పైన ఇసుక. వడకట్టే పని మొత్తం ఆ పై ఇసుకే చేస్తుంది. డాబా మీద దుమ్ము, రోడ్డు బురద, ఆకుల పొడి, అన్నీ ఇసుక పై రెండు మూడు అంగుళాల్లో చిక్కుకుని సన్నటి తెట్టులా కడతాయి. నీటి దారిలో ఎక్కడ అన్నిటికన్నా ఇరుకో మొత్తం వేగం అక్కడే తేలుతుంది కాబట్టి, ఆరడుగుల గుంతని ఒక అంగుళం తెట్టు ఆపేస్తుంది. గుంత పాడైందని మళ్లీ తవ్వించే బదులు, జూన్‌లో వానలకి ముందు పై ఇసుక మూడు అంగుళాలు గీసి తీసేసి కొత్త ఇసుక పోస్తే చాలాచోట్ల పని జరిగిపోతుంది. ఈ చిన్న పని వేలల్లో ఉండే ఖర్చుని వందల్లోకి తెస్తుంది.

ఇంకో విచిత్రం ఉంది. సన్న ఇసుక కింద ముతక కంకర ఉంటే నీరు గభాలున దిగిపోతుందని అనిపిస్తుంది. జరిగేది వేరు. సన్న సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, కింద ఉన్న పెద్ద ఖాళీలకి లాగే శక్తి లేదు, అందుకని పై పొర పూర్తిగా నానేదాకా నీరు ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. భారీ వానలో గుంత నిండుతుంది కాబట్టి ఇది అడ్డు కాదు. కానీ మిద్దె తోటల్లో కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందనే నమ్మకం మాత్రం తప్పు. రాళ్ల పైనున్న మట్టి తడిసి ముద్దై వేళ్లు కుళ్లే ప్రమాదం ఉంది. కుండీకి చిల్లు, చిల్లు మీద చిన్న జాలీ లేదా పెంకు ముక్క, మొత్తం ఒకే రకం గుల్లమట్టి, అంతే కావాలి.

వడకట్టడం వేరు, శుద్ధి వేరు అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇసుక గింజల మధ్య సందు బాక్టీరియా కన్నా కొన్ని పదుల రెట్లు పెద్దది. అయినా నెమ్మదిగా పోయే ఇసుక వడపోత సూక్ష్మజీవుల్ని ఆపుతుంది, ఎందుకంటే అవి గింజలకి అంటుకుంటాయి, పైన పెరిగే జీవపొర వాటిని తినేస్తుంది. 1892లో జర్మనీలో హాంబర్గ్ నగరం ఎల్బే నది నీటిని వడకట్టకుండా పంపింది, కలరాతో 8,000 మందికి పైగా చనిపోయారు. దానికి ఆనుకునే ఉన్న ఆల్టోనా అదే నది నీటిని, అది కూడా హాంబర్గ్ మురుగు కలిశాక, ఇసుకలో నెమ్మదిగా వడకట్టి పంపింది, అక్కడ వ్యాధి చాలా తక్కువ. ఒక చదరపు మీటరుకి గంటకి 100 నుంచి 400 లీటర్లు మాత్రమే పంపడం, అదే దాని బలం. వంశధార, నాగావళి ఇసుకలో చెలమ తీసి తాగడం వెనకున్నది కూడా ఇదే. అయితే కరిగిపోయిన ఉప్పుని, మురుగులోంచి వచ్చే నైట్రేట్‌ని ఏ ఇసుకా ఆపదు. సెప్టిక్ ట్యాంకు పక్కనే ఉన్న బోరు నీరు అద్దంలా తేటగా కనిపించడం దేనికీ సాక్ష్యం కాదు. డాబా మీది వాననీటిని వడకట్టకుండా నేరుగా బోరు గొట్టంలోకి వదిలేవాళ్లు ఈ నెమ్మదైన దారినే తీసేస్తున్నారు.

కుండ మాట

మట్టికుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. ఊరడం కుమ్మరి చేతిలో ఉంది, ఆవిరవడం గాలి చేతిలో. మే నెలలో రాయలసీమ పొడిగాలికి కుండ నీళ్లు ఐస్‌లా ఉండి, విశాఖ ఉక్కలో అదే కుండ ఓ మోస్తరుగానే చల్లబడటం అందుకే. కుండ నాసిరకం అనుకోనక్కర్లేదు. కొన్నాళ్లకి చల్లదనం తగ్గితే సందుల్లో నీటిలోని సున్నం పేరుకుందని అర్థం.

బీచ్ పక్క బోరు

తీరం వెంట నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీరు లీటరు కిలో తూగితే సముద్రపు నీరు 1,025 గ్రాములు, ఆ 25 గ్రాముల తేడాతోనే ఈ ఏర్పాటంతా. నెదర్లాండ్స్‌కి చెందిన బాడన్ గైబెన్, జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ విడివిడిగా వేసిన లెక్క ప్రకారం, సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, దాని కింద 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి బాగుంది. కానీ లెక్కని తిరగేస్తే, పైన నీటిమట్టం ఒక మీటరు పడిపోతే కింద ఉప్పు హద్దు 40 మీటర్లు పైకి రావడానికి చూస్తుంది. బోరు లోతు చేస్తే మంచినీళ్లు పడతాయన్న అలవాటు కొండ దిగువన పనికొస్తుంది, బీచ్ దగ్గర అది ఉప్పుకి ఎదురెళ్లడమే.

పైగా చాలా కొద్ది ఉప్పునీరు చాలు. నూరు బిందెల్లో రెండు బిందెలు సముద్రపు నీరు కలిస్తే క్లోరైడ్ లీటరుకి దాదాపు 380 మిల్లీగ్రాములు పెరుగుతుంది, తాగునీటికి మన ప్రమాణాలు చెప్పే కోరదగ్గ హద్దు 250.

రెండు వీధుల తేడా ఎందుకంటే ఈ లెక్క ఒకే రకం ఇసుకలో సరిగ్గా కుదురుతుంది, విశాఖ తీరమంతా ఇసుక కాదు. చాలాచోట్ల కొండరాయి సముద్రం దాకా దిగి ఉంటుంది, అక్కడ ఉప్పు పగుళ్ల వెంట వస్తుంది. సముద్రంతో కలిసిన పగులు ఎవరి బోరుకి తగిలితే వాళ్లది ముందు ఉప్పెక్కుతుంది. పక్కింటిది బాగుండటం ఆ ఇంటికి దారి ఇంకా కలవలేదనే చెబుతుంది, ఎప్పటికీ కలవదని కాదు. అందరూ ఒకే వేసవిలో గట్టిగా తోడితే నీటిమట్టం పడి, అప్పటిదాకా కలవని దారులు కూడా పనిచేయడం మొదలుపెడతాయి.

ఉప్పెక్కిన బోరుని ఒక వానాకాలం బాగుచేస్తుందా? డార్సీ లెక్కలోకి మళ్లీ వెళ్లాలి. తోడేటప్పుడు బోరు చుట్టూ నీటిమట్టం నిటారుగా గుంటపడుతుంది, వాలు ఎక్కువ కాబట్టి ఉప్పు ఒకే వేసవిలో వచ్చేస్తుంది. మోటారు ఆపాక దాన్ని వెనక్కి తోసేది నేల సహజ వాలు మాత్రమే, చదునైన తీరంలో అది వెయ్యి మీటర్లకి ఒక మీటరే ఉంటే, పైన చెప్పిన ఇసుకలోనే నీరు రోజుకి మూడు సెంటీమీటర్ల చిల్లర నడుస్తుంది. ఆ లెక్కన 100 మీటర్లు వెనక్కి వెళ్లడానికి ఎనిమిదేళ్లు.